ఇందుమతి అసలు పట్టాలు

భిలాయిలోని ఆ ప్రైవేటు కళాశాలలో చేరే అధ్యాపకులు మొదటి రోజే తమ అసలు పట్టాలను ఆఫీసు బీరువాకు సమర్పించాలి. ముడుపు పుచ్చుకొన్న దేవుడు భక్తుణ్ణి బంధించడు. ఆ బీరువాకు అంతటి దయ లేదు. రసాయనశాస్త్రం బోధించే ఇందుమతి పట్టాలు అందులో పదకొండేళ్లుగా మగ్గుతున్నాయి.

ఆమె తండ్రి విజయనగరం నుంచి ఉక్కు కర్మాగారానికి వచ్చిన కార్మికుడు. వైశాలి నగర్‌లో పెరిగిన ఇందుమతికి పాఠం చెప్పడమే పూజ. అటువంటి విదుషిని ప్రిన్సిపాలు గణపతిరావు ప్రతి వేసవిలోనూ సుపేలా బజారులో కరపత్రాలిచ్చి నిలబెట్టేవాడు, విద్యార్థులను పట్టి తెమ్మని.

దుర్గ్‌లోని ఒక ప్రభుత్వ కళాశాల ఆమెను గురువారం ఇంటర్వ్యూకు పిలిచింది. అసలు పట్టాలు లేనివారికి ప్రవేశం లేదు. సోమవారమే ప్రిన్సిపాలు దగ్గరకు వెళ్లి వాటిని అడిగింది.

గణపతిరావు ఒక కాగితం ఆమె ముందుకు తోశాడు. తనిఖీ బృందానికి చూపవలసిన ‘ఉద్యోగ సంతృప్తి పత్రం’ అది. ప్రతి ప్రశ్నకూ ‘పూర్తిగా సంతృప్తి’ అన్నచోట ముందే టిక్కు పెట్టి ఉంది.

"సంతకం ఎట్టీమ్మా. బుధవారం టీమొస్తాది."

"మరి నా సర్టిఫికెట్ల మాటేటి సార్?"

"ఇక్కడ నీకేటి తక్కువైంది? మన జిల్లావోళ్ల పిల్లవని ఉంచినాను."

"ఉంచినారు సార్. నన్ను ఎండలోనూ, నా కాగితాల్ని నీడలోనూ."

"జుబాన్ సంభాల్‌కే! నోరు అదుపులో ఎట్టుకుని మాట్లాడు! సంతకం లేకుండా ఒక్క కాగితం కదల్దు."

ఆమె సంతకం చేయలేదు.

ప్రతి అధ్యాపకుడూ తన అసలు పట్టాలు స్వయంగా చూపాలని బుధవారం బృందం నాయకురాలు ఆదేశించింది. అహంకారి గణపతిరావుకు ఈ ఊహ తట్టలేదు. గుమాస్తా తాతబ్బాయి గబగబా బీరువా తెరిచి ఫైళ్లు పంచాడు.

"చూపించీసి నాకే ఇచ్చీండి దీదీ" అని ఇందుమతి చెవిలో బతిమాలాడు.

నాయకురాలు పట్టాలు చూసి, హిందీలో అడిగింది: "ఇక్కడ సంతృప్తిగా ఉన్నారా?"

గణపతిరావు కళ్లు ఉరిమాయి.

"క్లాసులో ఉన్నంతసేపు ఉంటుంది మేడమ్. బయటికొస్తే లేదు."

తన ఫైలు తీసుకొని ఇందుమతి గుమ్మం వైపు నడిచింది. గణపతిరావు ఎదురు వచ్చి చేయి చాచాడు.

"ఇలా తే."

"ఇవి నావి సార్. కావాలంటే గట్టిగా అడగండి, మేడమ్ కూడా వింటారు."

బృందం ఎదుట అరవలేక అతడు పళ్లు బయటపెట్టి నవ్వాడు. రాక్షసులు సైతం అంత అసహ్యంగా నవ్వరు. ఇందుమతి అతణ్ణి దాటి మెట్లు దిగింది.

మర్నాడు పది గంటలకు దుర్గ్‌లో ఆమె పేరు పిలిచారు.