కాచిన పచ్చి పులుసు

భీమవరంలో ఎక్కిన బస్సు పొద్దున్నే మమ్మల్ని ఎల్బీ నగర్‌లో దించేసి వెళ్లిపోయింది. పుణెలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళుతున్నాం. పుణె బస్సు సాయంత్రానికి, మళ్లీ అక్కడి నుంచే. ఇలా మధ్యలో ఒక పగలు చేతికి దొరికితే చాలామంది ట్రావెల్స్ ఆఫీసు కుర్చీల్లో కూలబడి కునికిపాట్లు పడతారు. నేను ఆ బాపతు కాదు. ఏ ఊళ్లో బండి మారినా ఆ ఊరి తిండి తినకుండా రెండో బండి ఎక్కను. పెళ్లయిన కొత్తలో మా ఆయనకు నా పిచ్చి చూసి నవ్వొచ్చేది. తర్వాత ఆయనకూ అంటుకుంది. విజయవాడలో పునుగులు తింటూ ఒకసారి రైలు వదిలేశాం. దానికి నాకేం విచారం లేదు.

పోయినేడాది ఆయన గొంతులో గడ్డ లేచింది. రేడియేషన్ ఇచ్చారు. గడ్డ కరిగిపోయింది, డాక్టర్లు సంతోషించారు, మేమూ సంతోషించాం. కానీ దానితోపాటు నోటి రుచి కూడా పోయింది. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు, తీపి తెలియదు. నోట్లో తడి ఊరదు కాబట్టి ముద్ద ముద్దకీ ఒక గుక్క నీళ్లు తాగాలి. "మెల్లగా వస్తుందండీ" అన్నారు డాక్టరు. మా ఆయన లేచి బయటికి నడిచాక, కొందరికి రాకపోవచ్చు కూడా అని నాతో అన్నారు. ఆ రెండో మాట నేను కడుపులో దాచుకున్నాను.

తిండి దగ్గర మా ఆయన ఓ పట్టాన ఒప్పుకునే మనిషి కాదు. గోంగూరలో వెల్లుల్లి రెబ్బ తక్కువైతే కంచం ముందే పంచాయితీ పెట్టేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదు, అంత తెలిస్తే మీరే వండుకోండి అనేదాన్ని. మా కాపురంలో మాటలు సగం అవే. అలాంటి మనిషి ఇప్పుడు ఏది పెట్టినా "బాగుంది" అంటున్నారు. నేను బాధపడతానని. మందు మింగినట్టు నాలుగు ముద్దలు మింగి లేచిపోతారు. చొక్కాలన్నీ వదులైపోయాయి. తిండి మీద ఇష్టం పోయిన మనిషికి రేపటి మీద మాత్రం ఇష్టం ఎక్కడి నుంచి వస్తుందని నాకు భయం. అందుకే ఆ పొద్దున బస్సు దిగుతూనే పంతం పట్టాను. సాయంత్రం లోపల ఆ నోటి నుంచి ఇంకో మాట రప్పించాలి.

ట్రావెల్స్ వాళ్ల గదిలో స్నానాలు కానిచ్చి, సామాను అక్కడే పెట్టి, మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. ముందు ఇరానీ హోటలు. నాకు షుగరు ఉంది కనుక చక్కెర లేని చాయ్ ఒకటి, ఆయనకు మామూలుది ఒకటి చెప్పాను. ఉస్మానియా బిస్కెట్లలో ఉండే చక్కెరను నేను లెక్కలోకి తీసుకోను. ఆయన సాసర్లో పోసుకుని చల్లార్చుకుంటూ తాగారు. నేను బిస్కెట్ ముంచుకుని తిని, ఒక గుక్క తాగి చూస్తే పాయసంలా ఉంది. కప్పులు మారిపోయాయి. ఆయన సాసరు అప్పటికే ఖాళీ అయింది.

"ఎలా ఉందండీ చాయ్?" అన్నాను.

"బాగుంది" అన్నారు.

నేను మొహం అటు తిప్పుకుని రోడ్డు మీద కోచింగ్ పిల్లల్ని చూస్తూ కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగని చాయ్ వదిలేయలేదు. చిక్కటి పాలు, బాగా మరిగిన డికాషను, అంత మంచి చాయ్‌ని ఏడుపు కోసం పారబోయడం నా వల్ల కాదు.

తర్వాత మిర్చి బజ్జీల బండి. మా వైపు మిరపకాయలో వాము పెడతారు. ఇక్కడ చింతపండూ నువ్వులూ నూరి కూరారు. ఇదే మేలని ఒప్పుకుంటున్నాను. నేను మిరపకాయతో సహా తిన్నాను, ఆయన పైన ఉన్న శనగపిండి తొడుగు గిల్లుకుని నోట్లో వేసుకున్నారు. బాగుందన్నారు. చెరుకు రసంలో అల్లం, నిమ్మకాయ గట్టిగా పిండించి ఇప్పించాను. అదీ బాగుందన్నారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ మాట వింటే చిరాకు పుట్టే స్థితికి వచ్చాను.

ఆటో ఆపి, ఇంటి వంటలా ఉండే భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

"ఆంధ్రా మెస్సుకు పోతరా, మా నల్గొండోళ్ల మెస్సుకు పోతరా?" అన్నాడు డ్రైవరు.

"ఆంధ్రా భోజనం మా ఇంట్లోనే ఉందిగా. మీ వాళ్ల దగ్గరికే పోనియ్యి బాబూ" అన్నాను.

సరూర్‌నగర్ చెరువు వైపు ఒక సందులో దింపాడు. ఇంటి ముందు గదిలోనే నాలుగు బల్లలు వేసి నడుపుతున్న మెస్సు. నడిపేది నా ఈడు ఆవిడే. వెనక వంటగదిలో వండుతుంది, ముందుకొచ్చి వడ్డిస్తుంది. జొన్న రొట్టె, ముద్దపప్పు, పచ్చి పులుసు ఉన్నాయంది. రొట్టె నాకు, మెత్తగా అన్నం ఆయనకు చెప్పాను. పచ్చి పులుసు గిన్నె తెచ్చి పెట్టింది. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, నిప్పుల మీద కాల్చిన మిరపకాయ, కొత్తిమీర తేలుతున్నాయి. గిన్నె పట్టుకుంటే చల్లగా తగిలింది. గోదావరి జిల్లా దాన్ని, చారు అంటే పొగలు రావాలి నాకు. పైగా డాక్టరు ఆయనకు ఏదైనా గోరువెచ్చగా ఇవ్వమన్నారు.

"అమ్మా, ఇది కాస్త కాచి తెస్తారా?" అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది. "పచ్చి పులుసు ఎవరన్న కాగబెడ్తరా? కాగబెడితే గది పచ్చి పులుసు ఎట్లయితది?"

"ఏదైనా కానివ్వండి. ఆయనకు గొంతు బాగాలేదు. ఒక్క పొంగు రానిచ్చి తీసుకురండి."

"జర నా మాట ఇనుండ్రి. పాడయితది."

"పాడైతే నేనే తాగుతాను. మీరు కాచండి."

నేను ఒకసారి అన్నానంటే అన్నట్టే. ఆవిడకు నచ్చలేదు గానీ గిన్నె లోపలికి తీసుకెళ్లింది. పక్క బల్ల దగ్గర కోచింగ్ పిల్లలు తినడం మాని మా వంక చూశారు. మా ఆయన అలవాటు ప్రకారం నీళ్ల సీసా మూత తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆవిడ పొగలు వచ్చే గిన్నె తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. నేను ఆయన అన్నంలో పప్పు కలిపి, దాని మీద ఆ పులుసు పోసి చల్లారనిచ్చాను.

ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఈసారి సీసా అందుకోలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎందుకే దీన్ని కాయించావు?" అన్నారు.

నా చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. "ఏం? ఏమైంది?"

"ఉల్లిపాయ ఉడికిపోయింది."

అది పళ్లకైనా తెలుస్తుంది. ముక్క మెత్తబడితే రుచి లేని నోరు కూడా చెప్పగలదు. తొందరపడి ఆశపడకూడదని నన్ను నేను గట్టిగా పట్టుకున్నాను. "ఇంకేం?" అన్నాను.

"ఇంకేముంది, పులుపు చచ్చింది. మిరపకాయ కాల్చిన వాసన పోయింది. నువ్వులపొడి వేసినట్టున్నారు, అది విరిగి చేదెక్కింది. బంగారంలాంటి పులుసుని తగలేశారు."

పులుపన్నారు. చేదన్నారు. ఏది పోయిందో, ఏది మిగిలిందో విడివిడిగా చెప్పారు. అవి పళ్లకు తెలిసే సంగతులు కావు. మెస్సు ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది.

"నేను చెప్పలే?" అంది నాతో. లోపలికి వెళ్లి కాచని పులుసు ఇంకో గిన్నెతో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గిన్నె ఎత్తి అలాగే ఒక గుక్క తాగారు. పులుపు తగిలి కళ్లు గట్టిగా మూసుకున్నారు, భుజాలు కూడా కదిలాయి. మళ్లీ తాగారు. ఇంకాస్త అన్నం కావాలన్నారు. ఆ మాట విని ఎంతకాలమైందో.

ఆవిడ వద్దన్నా నేను వినకుండా కాయించడం వల్లే ఈ సంగతి బయటపడిందని ఇప్పటికీ నా వాదన. మంచి పులుసు ముందే ఇచ్చి ఉంటే బాగుందనేవారు, అది నిజమో అబద్ధమో తెలియక నేను పుణె దాకా నలిగిపోయేదాన్ని. ఆవిడకు అదే చెప్పబోయాను. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఆ నలుగురి ముందే ఏడ్చాను.

ఆవిడ పరేషాన్ అయిపోయింది. "అయ్యో, ఏమైందమ్మా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

మా ఆయన గిన్నె దించి ఆవిడకేసి తిరిగారు. "మీ తప్పేం లేదండీ. మా ఆవిడకు వంట చేతకాదు. ఏది చేతికిచ్చినా కాచి చంపేస్తుంది. నేను ముప్పై ఏళ్లుగా పడుతున్నాను" అన్నారు.

పిల్లలు నవ్వారు. నేను కళ్లు తుడుచుకుని కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"మళ్లీ అనండి" అన్నాను.