ఇంజనుకి బస్సు బోర్డు

జగ్గయ్యపేటలో చిన్నప్పుడు మా పక్కింట్లో ఉన్న మస్తాన్ ఇప్పుడు నందిగామలో ఉంటున్నాడు. నిన్న వెళ్తే, పెరట్లో కనకాంబరాల మధ్య పట్టాలేసి బుల్లి పొగబండి నడుపుతున్నాడు. చవకరకం ప్లాస్టిక్ ఇంజను కొని, మెరుపు పోయేలా గరుకు కాగితంతో రుద్ది, మసినలుపు రంగేసి, పెన్ను మూతతో పొగగొట్టం పెట్టాడు. చూడగానే నా కడుపు మండిపోయింది.

ఆ పచ్చి రంగు వాసనకి, చిన్నప్పుడు అగ్గిపెట్టెలకి రంగులేసిన మా అరుగు గుర్తొచ్చింది. మనూళ్లో రైలెక్కడిది? మనకు తెలిసిందల్లా బస్సే. అందుకే నా అగ్గిపెట్టెల రైలుకి కూడా ముందు "జగ్గయ్యపేట - నందిగామ" అని బోర్డు కట్టి, "రైట్ రైట్" అంటూ లాగేవాణ్ణి. మీరూ చిన్నప్పుడు ఇలాంటి బండి లాగి ఉంటారు. మస్తాన్‌కి మధిరలో మేనమామ ఉండేవాడు. సెలవులకెళ్లి రైళ్లు చూసొచ్చి, "ఇంజనుకి బోర్డుండదురా" అని నవ్వేవాడు. వాడిది తాళం తిప్పే రేకు రైలు. నన్ను చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు.

ఏదో ఒక వంక పెడదామని వంగి చూశాను. ఇంజను ముందు "జగ్గయ్యపేట - నందిగామ" అని బోర్డుంది.

"ఇంజనుకి బోర్డేంట్రా?" అన్నాను.

"నీ రైలుకుండేదిగా. నాకూ అట్టాంటిదే కావాలనుండేది. అడగలేక ఎక్కిరించేవాణ్ణి," అన్నాడు.

అన్నాళ్లూ వాడే నన్ను చూసి కుళ్లుకున్నాడంటే నేను సంతోషించాలి. కానీ ఆ అక్షరాలు నాకన్నా గుండ్రంగా రాశాడు, వెధవ.