రంగు మారని పట్టీ

విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్ర విభాగం మూడో అంతస్తు ప్రయోగశాలలో ఆమెను అందరూ సీసాలమ్మ అనేవారు. పంతొమ్మిదేళ్ళ కిందట గాజుసామాను కడిగే పనిలో చేరినప్పుడు అతుక్కున్న పేరు అది. తర్వాత తూకాలు నేర్చుకుంది, మందులు కలపడం నేర్చుకుంది, పేరు మాత్రం ఊడలేదు. ఆ ప్రయోగశాల నడిపే ప్రొఫెసరమ్మ తాగునీళ్ళలో సీసం ఉందో లేదో చెప్పే కాగితపు పట్టీ కోసం తొమ్మిదేళ్ళు తంటాలు పడింది. "సీసం సంగతి సీసాలమ్మకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అని పరిశోధక విద్యార్థులు వేళాకోళమాడేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాగితాన్ని మందులో ముంచి, క్లిప్పులకు వేలాడదీసి, ఆరాక వేలెడంత ముక్కలుగా కత్తిరించేది ఆమే. నీళ్ళలో సీసం ఉంటే పట్టీ కొస నిమిషంలో గులాబీ రంగుకు తిరుగుతుంది. లేకపోతే పసుపుగానే ఉండిపోతుంది.

పట్టీని కనిపెట్టడం ఒక ఎత్తు, బజారుకు చేర్చడం మరో ఎత్తు. పరిశోధకులు కనిపెట్టినవాటికి పేటెంటు తీయించి, తయారుచేసే కంపెనీని వెతికి, ఒప్పందం కుదిర్చే ఆఫీసు ఒకటి కింది అంతస్తులో ఉంది. అక్కడి ఆఫీసరుకి ప్రొఫెసరమ్మ పెట్టిన పేరు పెళ్ళిళ్ళ పేరయ్య. పేరయ్య మూడేళ్ళు తిరిగి, నీటి వడపోత యంత్రాలు చేసే కంపెనీ ఒకదాన్ని ఒప్పించాడు. సంతకాల రోజు వచ్చేదాకా ఒక్క పట్టీ కూడా గడప దాటకూడదని అందరిచేతా కాగితం రాయించుకున్నాడు. సీసాలమ్మా సంతకం పెట్టింది.

పెట్టిన నెలకే పన్నెండు పట్టీలు రుమాల్లో చుట్టి చెల్లెలికిచ్చింది. చెల్లెలు అద్దెకుండేది పాత మేడలో. గొట్టాలు తాతలనాటివి. చంకలో నాలుగు నెలల పాప, తల్లిపాలు చాలక డబ్బాపాలు కలిపి పట్టేది. పదిహేను రోజుల తర్వాత తీరిక చేసుకుని చెల్లెలు కుళాయినీళ్ళలో పట్టీ ముంచింది. రంగు మారలేదు. "అక్కా, మా నీళ్ళు బంగారం!" అని ఫోన్ చేసి చెప్పింది. అది జరిగి రెండు నెలలు.

సంతకాలు శుక్రవారం అనగా, మంగళవారం మధ్యాహ్నం కంపెనీవాళ్ళకు చూపించడానికి పట్టీలు తీసిపెట్టమంది ప్రొఫెసరమ్మ. గాజుసామాను ఆరబెట్టే ఓవెన్ మీద ఎప్పుడో మరిచిపోయిన పట్టీల పొట్లం ఒకటి సీసాలమ్మ కంటపడింది. పారేసేముందు ఊరికే చూద్దామని ఒక పట్టీని సీసం కలిపిన నీళ్ళలో ముంచింది. నిమిషమైంది. రెండు నిమిషాలైంది. పట్టీ పసుపుగానే ఉంది. ఇంకోటి ముంచింది. అదీ అంతే. చలిపెట్టెలోంచి తీసిన పట్టీ మాత్రం చక్కగా గులాబీ అయింది. వేడికి పట్టీ చచ్చిపోతుందన్నమాట.

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. మెట్ల దగ్గరికి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేసింది.

"నేనిచ్చిన పట్టీలు ఎక్కడ పెట్టావే?"

"పొయ్యి పైన అరలో అక్కా. ఏం?"

"పాపకి ఆ నీళ్ళే పోస్తున్నావా?"

"మరిగించే పోస్తున్నాలే."

మరిగిస్తే క్రిములు చస్తాయి, సీసం చావదు. నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా. ఆ మాట ఫోన్‌లో చెప్పలేదు. "ఆ నీళ్ళు ఇక పట్టకు. కొన్నవే వాడు. రేపు పొద్దున్నే వస్తా" అని మాత్రం అంది.

బుధవారం తెల్లవారుతూనే చెల్లెలి ఇంట్లో కుళాయి నుంచి మొదటి గ్లాసు పట్టింది. చలిపెట్టెలోంచి తెచ్చిన పట్టీ ముంచి, చెల్లెలు చూడకుండా వీపు అడ్డం పెట్టి నిలబడింది. నలభై లెక్కపెట్టేసరికి కొస గులాబీ అయింది. ముదురుగా కాదు, కానీ అయింది. వెనక్కి తిరిగేసరికి చెల్లెలు అక్కడే ఉంది.

ఆసుపత్రిలో పాప చేతినుంచి రక్తం తీశారు. ఫలితం శనివారం చెప్తామన్నారు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే చెల్లెలు అక్క వంక చూడకుండానే అంది: "నువ్విచ్చావని కదక్కా నమ్మాను."

ఆ మాట రెండు రోజులు ఆమెను తిననివ్వలేదు. చెప్తే పట్టీలు దొంగతనంగా బయటికి తెచ్చినట్టు తనే ఒప్పుకోవాలి. పంతొమ్మిదేళ్ళ పని పోతుంది. ప్రొఫెసరమ్మ తొమ్మిదేళ్ళ కష్టం తన చేత్తోనే మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే కొట్లలో ఎండ తగిలే అరల్లో ఆ పట్టీలు వేలాడతాయి, ఎవరో ఒక తల్లి ముంచి చూసి హమ్మయ్య అనుకుంటుంది. "నోరు మూసుకుని ఊరుకో, పెద్దవాళ్ళు వాళ్ళు చూసుకుంటారు" అన్నాడు భర్త. అతనికీ భయమే.

శుక్రవారం కంపెనీవాళ్ళు కింద కాఫీ తాగుతుండగా ఆమె ప్రొఫెసరమ్మ గదిలోకి వెళ్ళింది. అంతా చెప్పింది.

ప్రొఫెసరమ్మ ముందు అడిగింది: "ఎన్ని తీసుకెళ్ళావు?"

"పన్నెండు, మేడమ్."

తర్వాత అడిగింది: "పాపకెలా ఉంది?"

"తెలీదు మేడమ్. రేపు చెప్తారంట."

"ఏడాదిపాటు నిలవుంచి చూశాం అని ఒప్పందం కాగితాల్లో రాశాం కదా. ఉంచింది ఈ ఏసీ గదిలో. జనం ఇళ్ళలో ఏసీలుంటాయా అని నేనైనా అనుకోలేదే!" అంటూ ప్రొఫెసరమ్మ లేచింది.

అంతా విన్న పేరయ్య గుమ్మంలోనే అడ్డం పడ్డాడు. "పీటల మీద పెళ్ళి ఆపుతారా మేడమ్? ముందు సంతకం కానివ్వండి, లోపం తర్వాత దిద్దుకోవచ్చు."

"పక్కకి జరగండి" అంది ప్రొఫెసరమ్మ.

కింద కంపెనీవాళ్ళ ముందు బల్ల మీద సీసం కలిపిన నీళ్ళు ఒకే గ్లాసు, ఓవెన్ మీది పట్టీ ఒకటి, చలిపెట్టె పట్టీ ఒకటి. ముంచింది సీసాలమ్మే. కంపెనీ ఇంజనీరు రెండింటినీ మార్చి మార్చి చూసి ఆమెనే అడిగాడు: "ఎన్నాళ్ళకి పాడవుతాయి?"

"తెలీదండీ. పదిహేను రోజులకే పోయినవి చూశాను."

ఆయన కలానికి మూత పెట్టేశాడు. "కుదిరాక కబురు చేయండి" అన్నాడు. కంపెనీవాళ్ళు వెళ్ళిపోయారు.

శనివారం పాప రక్తంలో సీసం ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉందని తేలింది. మందు అక్కర్లేదనీ, ఆ నీళ్ళు మానేసి నెలనెలా రక్తం చూపించమనీ డాక్టరమ్మ చెప్పింది. సోమవారం సీసాలమ్మకి హెచ్చరిక ఉత్తరం వచ్చింది. పని మాత్రం పోలేదు. ప్రొఫెసరమ్మ ఎవరితో ఏం మాట్లాడిందో ఆమెకు తెలియదు. ఆ ఒప్పందం మీదే ఆశ పెట్టుకున్న ఒక పరిశోధక విద్యార్థిని అయితే ఏడాదిపాటు సీసాలమ్మ ముఖం చూడలేదు.

కొత్త పట్టీకి పదహారు నెలలు పట్టింది. ఒకరోజు మందు కలుపుతూ సీసాలమ్మ అంది: "రంగు మారకపోతే నీళ్ళు మంచివో, పట్టీయే చచ్చిందో తెలియాలి కదా మేడమ్." దాంతో పట్టీ మీద, కొసకు తోడు, ఇంకో మందు చుక్క వచ్చింది. ఏ నీళ్ళలో ముంచినా అది నీలంగా మారాలి, మారకపోతే ఆ పట్టీని పారేయాలి. ఈసారి ఓవెన్‌లో, ఎండలో, ఆవిరిలో, పొయ్యి పక్కన పెట్టి చూశారు. అదే కంపెనీ వచ్చి సంతకం పెట్టింది. పేటెంటులో మూడో పేరు సీసాలమ్మదే. సాయం చేసినవాళ్ళు కనిపెట్టినవాళ్ళు కారని పేరయ్య వాదిస్తే, "ఆ చుక్క మీరు చెప్పారా, నేను చెప్పానా?" అని ప్రొఫెసరమ్మ నోరు మూయించింది.

పట్టీలు కొట్లలోకి వచ్చినరోజు అందరూ మిఠాయి తిన్నారు. సీసాలమ్మ మూడు కొట్లు తిరిగి ఒక్కో పొట్లం కొని, ఇంటికెళ్ళి అన్నీ ముంచి చూసింది. చుక్కలన్నీ నీలమయ్యాక గాని కూర్చోలేదు.

చెల్లెలు ఇల్లు మారింది. కొన్నాళ్ళకు అక్కతో మాటలు కలిశాయి. పాప రక్తం పరీక్షలు మొదలైన అయిదో నెలకు మామూలుకొచ్చింది గాని, మాటలు మాత్రం ఆలస్యంగా వచ్చాయి. సీసం వల్లనా అంటే డాక్టరమ్మ ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడది వసపిట్టలా వాగుతుంది. వాగుతూ వాగుతూ ఎక్కడైనా ఒక్క మాట దగ్గర తడబడితే, సీసాలమ్మ గుండె ఝల్లుమంటుంది.