పిడికిలంత పగులు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆమెను బట్టల ఫ్యాక్టరీలో అందరూ మెకానిక్కమ్మ అనేవారు. నలభై రెండేళ్ళ మనిషి. వంద మిషన్ల మోతలో ఏది మొరాయించబోతోందో చెవితోనే పసిగట్టేది. సెలవురోజు మాత్రం వదినను వెంటబెట్టుకుని ఊరవతలి గ్రానైట్ కొండకు వెళ్ళి, రాతి పగుళ్ళు పట్టుకుని ఎక్కేది.

కిందటేడు అక్కడే పడింది. తాడుకు ఆసరాగా పగుల్లో ఇరికించిన లోహపు బిళ్ళ ఊడొచ్చి చీలమండ విరిగింది. అప్పుడు కింద తాడు పట్టుకున్నది వదినే. మళ్ళీ ఆ పగులే ఎక్కుతానంటే వదిన ముందు వద్దంది. మర్నాడు, "నేను కాదంటే ఇంకెవర్నో తీసుకుపోతావ్. నేనే వస్తాలే" అంది.

నిలువునా ఎనభై అడుగుల రాయి. దాన్ని చీలుస్తూ ఒకే పగులు. కింద వేళ్ళు దూరేంత, నడుమ అరచెయ్యి పట్టేంత, పైన పిడికిలంత. రాతికి మేకులేవీ ఉండవు. ఎక్కేవాళ్ళే తగిన సైజు బిళ్ళ చూసి ఇరికించి, దానికి తాడు తగిలించుకుంటూ పోవాలి.

మెకానిక్కమ్మ చెయ్యెత్తుకొకటి చొప్పున బిళ్ళలు ఇరికించింది. వెడల్పు చోట్లకని తెచ్చిన, పగుల్లో విచ్చుకుని బిగుసుకునే రెండు పెద్ద స్ప్రింగు బిళ్ళల్లో ఒకదాన్ని భయంకొద్దీ కిందే ఓ బొరియలో ఇరికించేసింది.

"అన్నీ మొదటి బంతికే వడ్డిస్తే రెండో బంతికేం మిగుల్తుందమ్మాయ్?" అంది వదిన. మెకానిక్కమ్మకు నవ్వు రాలేదు.

యాభై అడుగుల దగ్గర పగులు వెడల్పయింది. అక్కడ రెండో పెద్ద బిళ్ళ పెట్టి, రెండు నిలువులు పైకి పోయింది. నడుము తడుముకుంటే చిన్నవే మిగిలాయి. ఏది పెట్టినా జారిపోతోంది. ఇంకా ఇరవై అడుగుల దాకా ఉంది.

"వదినా, పెద్దవి అయిపోయాయి."

"దిగి ఇందాక పెట్టినదాన్ని తెచ్చుకో."

"చేతులు పట్టు తప్పుతున్నాయి."

కింద వదిన తాడు బిగించి పట్టుకుంది. "అయితే పడు. నేనున్నా."

పడలేదు. పగుల్లో పిడికిలి బిగించి, ఒక్కో పాదాన్ని తడుముకుంటూ దిగసాగింది. ఒక నిలువు దిగాక పాదం జారింది. తాడు గట్టిగా బిగిసింది. బిళ్ళ ఊడలేదు.

"ఉన్నావా?"

"ఉన్నా."

"నేనూ ఉన్నా. నీ బరువుకి లేచి, నేలకి మూరెడు పైన."

తాడుకు వేలాడుతూ ఊపిరి కూడదీసుకుంది. కాస్త దిగువన, పగులు సన్నగా ఉన్నచోట, రెండు చిన్న బిళ్ళలు ఇరికించి, తాడు తగిలించి, ఒక్కోదాన్నీ గుంజి గుంజి చూసింది. ఆ తర్వాతే పైకెక్కి, తనను ఆపిన పెద్దదాన్ని ఊడదీసింది. ఇక దాన్ని ఎక్కడా వదల్లేదు. చెయ్యి మార్చినప్పుడల్లా తనతోపాటు జానెడు పైకి జరుపుకుంటూ పోయింది. అంచు చేతికందినా నమ్మబుద్ధి కాలేదు. మోకాళ్ళు రెండూ పైన ఆనాకే వెనక్కి చూసింది.

తర్వాత మెకానిక్కమ్మ పైనుంచి తాడు పడితే, బిళ్ళలన్నీ ఏరుకుంటూ వదిన ఎక్కి వచ్చింది. నడుం దగ్గరి ముడి ఎంతకీ విప్పుకోలేకపోయింది. మెకానిక్కమ్మ తోలు లేచిపోయిన వేళ్ళతో మెల్లగా విప్పింది.

"మీ అన్నయ్యకేం చెప్పను?"

"ఎక్కామని చెప్పు."

"పడ్డావా అని అడిగితే?"

"నువ్వు పట్టుకున్నావని చెప్పు."