గిర్నీ ఆగిన సంగతి

ఉతికి, మేడ మీద ఎండలో ఆరేసి తెచ్చిన కిటికీ తెరల మీద ఇస్త్రీ పెట్టె ఆనగానే వాటిలోంచి డీజిల్ వాసన లేస్తుంది. సబ్బు మార్చాను, వేన్నీళ్లలో నానబెట్టాను, మూడుసార్లు జాడించాను. లాభం లేదు. మెట్టుగూడలో మా ఇల్లు వరంగల్ వైపు వెళ్లే రోడ్డును ఆనుకునే ఉంది. తెల్లవారకముందే మొదలయ్యే హోరు మేం పడుకున్నాక కూడా సాగుతూనే ఉంటుంది. మా ఆయనా నేనూ ఎదురెదురుగా కూర్చుని కూడా ఒక్కో మాట రెండుసార్లు అనుకుంటాం. ఒక్కోసారి రెండోసారి అనే ఓపిక లేక ఊరుకుంటాం.

ఇదే రోడ్డు మీద సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లమంటే మా మనవరాలు నమ్మదు. నా ఎనిమిదో ఏట, మధ్యాహ్నాలు, గంటకో బస్సు వచ్చేది. అది మెట్ట ఎక్కడం మొదలుపెట్టగానే మూలుగు వినపడేది కాబట్టి, బిళ్ల తీసుకుని, వంతు ఎవరిదో తగవులాడుకుని, పక్కకు జరగడానికి బోలెడు సమయం ఉండేది. ఎండాకాలంలో తారు మెత్తబడి చెప్పులకు పట్టుకునేది; ఆ తారును గోళ్లతో గీకి ఉండలు చేసి, అమ్మ చేత తిట్లు తినేవాళ్లం. వానాకాలంలో రోడ్డు అంచున పారే ఎర్రనీళ్లలో కాగితం పడవలు వేసేవాళ్లం. చలికాలం సాయంత్రాలు రైల్వే క్వార్టర్ల బొగ్గు కుంపట్ల పొగ రోడ్డు మీదికి దిగి, ఎద్దుబండ్ల గంటలు ముందు వినపడి, బండ్లు తర్వాత కనపడేవి.

నాన్న రైల్వేలో గుమాస్తా. గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి, రోడ్డు పక్కన నాలుగు గదుల పెంకుటిల్లు వేసుకున్నాడు. ఆయనతో పాటు నాయనమ్మ రూతమ్మ వచ్చింది, ఆమెతో పాటు కుటుంబ ప్రార్థన వచ్చింది. సాయంత్రం ఆరున్నరకు ముందుగదిలో చాప పరిచేవాళ్లు. తెల్లచీర చెంగు తల మీదికి లాక్కుని నాయనమ్మ కిటికీ ఎదురుగా కూర్చుని పాట ఎత్తుకునేది. పాట తర్వాత నాన్న బైబిల్లోంచి వాక్యం చదివేవాడు. ఆ తర్వాత ఆమె ప్రార్థన. బొల్లారంలో బడిపంతులుగా ఉన్న బాబాయి, దగ్గుతో బాధపడే పోస్టుమాన్, గుడ్లు మానేసిన మా నల్లకోడి, అందరూ అందులోకి వచ్చేవారు. మోకాళ్లు తిమ్మిరెక్కినా కదలకూడదు.

మా ఇంటికి సరిగ్గా ఎదురుగా నర్సయ్య మామ పిండి గిర్నీ ఉండేది. తలా, కనుబొమలూ, చెవుల మీది వెంట్రుకలూ తెల్లగా పిండి పట్టి, మామకు వయసెంతో తెలిసేది కాదు. ఆ రోజుల్లో మా వీధిలో చప్పుడంటే ఆ గిర్నీదే. ఒకవైపు మోటారు రొద, ఇంకోవైపు దాని తోలు పట్టా టపటపలు, మధ్యలో రాళ్ల గరగర. అయినా మా ప్రార్థనకు అది ఏనాడూ అడ్డురాలేదు. నాయనమ్మ పాట రోడ్డు దాటి గిర్నీలోకి వినపడగానే మామ గింజలు పోయడం ఆపేవాడు. రాళ్ల మధ్య ఉన్న గింజ మెల్లిగా అయిపోయేది. పాట చివరి చరణానికి మోటారు ఆగేది. నాన్న పుస్తకం తెరిచేసరికి వీధంతా నిశ్శబ్దం. మా గోడగడియారం టిక్కుటిక్కు కూడా వినపడేది. ఇలా ఆపమని మామను ఎవరూ అడగలేదు. మేం ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఆయన తనంతట తాను మొదలుపెట్టాడట. ప్రార్థన అయ్యాక నాయనమ్మ అరుగు మీదికి వచ్చి చెయ్యి ఊపితే, గిర్నీ మళ్లీ తిరిగేది.

తర్వాత లారీలు వచ్చాయి. ఎప్పుడు వచ్చాయని అడిగితే చెప్పలేను. ఒకరోజున వచ్చినవి కావు. రోడ్డుకు మళ్లీ తారు వేశారు, కొంచెం వెడల్పు చేశారు. ఆ ఏడాది తొక్కుడుబిళ్ల రోడ్డు మీంచి మా పెరట్లోకి మారింది. మరుసటి ఏటికి సాయంత్రం పూట సిమెంటు లారీలూ, బొగ్గు లారీలూ వరసగా మెట్ట ఎక్కుతూ, సరిగ్గా మా ఇంటి ముందే గేరు మార్చేవి. కిటికీ ఊచలు వణికేవి. నాన్న వాక్యం గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. నాయనమ్మ మాత్రం ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి ఎదురుగా చూసేది. ఆమె చెవులు ఒక్క నిశ్శబ్దం కోసం వెతికేవి, అది దొరికేది కాదు.

"గిరాకీ పెరిగింది కదా, ఇంక మనమెందుకు ఆనతాం? గిర్నీ ఆపట్లేదు చూడు," అంది ఒకరోజు అమ్మతో.

"ఓసారి అడక్కపోయారా అత్తయ్యా?"

"అడిగి పెట్టించుకునేది మర్యాద ఎట్టా అవుద్దే?"

అంతే. మామతో ఒక్క మాట అనలేదు, చెయ్యి ఊపడం మానేసింది. మా గోధుమలు రెండు వీధుల అవతలి గిర్నీకి వెళ్లడం మొదలైంది. నర్సయ్య మామ తన గుమ్మంలో నిలబడి, మా డబ్బా రిక్షా ఎక్కడం చూసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

డిసెంబరు వచ్చింది. మా ఇంట క్రిస్మస్ అంటే ముందు అచ్చుతో నూనెలో వేసే గులాబీ పువ్వులు, తర్వాత కజ్జికాయలు, చివరికి అరిసెలు. నూనె వాసన, బెల్లం పాకం వాసన, నక్షత్రం కోసం వెదురు పుల్లలకు రంగు కాగితం అంటించే మైదా జిగురు వాసన, అన్నీ కలిసి మా జుట్లలో వారం పాటు ఉండేవి. అరిసెలకు బియ్యం నానబోసి, ఆరీ ఆరకుండా తడిగానే పిండి పట్టించాలి. తడిబియ్యం రాళ్లకు అట్టకడుతుంది కాబట్టి గిర్నీవాళ్లు ఒప్పుకోరు. నర్సయ్య మామ మాత్రం ప్రతి ఏడూ అందరి పిండీ అయ్యాక మా బియ్యం పట్టి, ఆ తర్వాత రాళ్లు విప్పి శుభ్రం చేసుకునేవాడు. ఆ సంవత్సరం రెండు వీధుల అవతలి మనిషి డబ్బా మూత తీసి చూసి, తిప్పి పంపాడు. బియ్యం పులిస్తే అరిసెలు లేవు. అమ్మ నాయనమ్మకు తెలియకుండా డబ్బా నా నెత్తిన పెట్టి, రోడ్డు దాకా వచ్చి దాటించి వెళ్లింది.

మామ నన్ను చూసి ఎదురొచ్చి డబ్బా దించుకున్నాడు. "తడిదా? జెర ఆగు బిడ్డా, ఆఖరుకు పడ్త."

వరసలో అయిదారుగురు ఆడవాళ్లున్నారు. కాసేపటికి మామ గుమ్మంలోకి వెళ్లి, మా ఇంటి వైపు చూసి వచ్చి, గింజలు పోయడం ఆపాడు. మోటారు రొద తగ్గి తగ్గి ఆగిపోయింది.

"అయిపాయె, పెద్దమ్మ దువా షురూ," అని మా నాయనమ్మ ప్రార్థన సంగతి ఎత్తి, ఒకామె తన డబ్బా మూత బిగించి దాని మీద కూర్చుంది. "అయినా నర్సన్నా, గా పాట నీకు ఎట్ల ఇనొస్తదే? ఈ లారీలల్ల నాకు మా ఇంటాయన మాటే ఇనొస్తలేదు."

"నీ నసీబ్ మంచిగుంది," అంది పక్కామె. అందరూ నవ్వారు.

"ఇనొచ్చుడెందుకు? గా కిటికీల తెల్లచీర గూసున్నది, కనబడ్తలేదా?" అన్నాడు మామ. అప్పుడు నా వైపు తిరిగి, "నువ్వేంది ఈడనే ఉన్నవు? పో, ప్రార్థనల కూసో," అన్నాడు.

గుమ్మం దాకా వచ్చాను కానీ దాటలేకపోయాను. లారీ వెనక లారీ. వాటి సందుల్లోంచి మా ముందుగది కనపడింది. నాయనమ్మ, నాన్న, అమ్మ, తమ్ముడు, అందరి నోళ్లూ కదులుతున్నాయి. పాట మాత్రం రోడ్డు దాటి రాలేదు. నా వెనక గిర్నీ పూర్తిగా ఆగి ఉంది. ఆ సంగతి అటువైపు వాళ్లకు తెలిసే దారి లేదు.

పిండి డబ్బాతో ఇంటికి రాగానే, ప్రార్థనకు ఎందుకు రాలేదని నాయనమ్మ నిలదీసింది. చూసిందంతా చెప్పాను. "అరిసెల కోసం మీ అమ్మ నేర్పిన కబుర్లా ఇయ్యి?" అంది. ఆ రాత్రి అన్నం సగంలోనే లేచింది.

మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే కూర్చుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం కాగానే, మిగిలింది పాడమని నాన్నకు సైగ చేసి లేచింది. నా చెయ్యి పట్టుకుంది. లారీలు పెరిగాక ఆమె ఆ రోడ్డు దాటిందే లేదు. మేం సగం దాకా వెళ్లేసరికి ఒక లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో అరిచాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు. గిర్నీ గుమ్మంలోంచి మామ పరిగెత్తుకొచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు.

లోపల పట్టా కదలడం లేదు. ఆడవాళ్లు డబ్బాల మీద కూర్చుని ఉన్నారు. నాయనమ్మ మోటారు మీద చెయ్యి పెట్టి చూసింది. వేడిగానే ఉండి ఉంటుంది, వెంటనే తీసేసింది.

"ఎప్పట్నించీ ఆపతన్నావు నర్సయ్యా?"

"ఎన్నడు ఆపలే పెద్దమ్మా?"

"మరి నాతో ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"గిది సుత చెప్పుకుంటరా? మీరే గిర్నీ మార్చిండ్రు. మా పిండిల మిర్చి ఘాటు వస్తున్నదేమో అనుకొని, మిర్చి పట్టుడే బంద్ వెట్టిన."

ఒకామె లేచి చోటిస్తే నాయనమ్మ ఆ డబ్బా మీద కూర్చుంది. "పిండి పట్టుకో నాయనా, ఇంక ఆపమాక. మాకు వినపడదు," అంది.

"మీకు ఇనబడాలని ఆపుతున్ననా?" అన్నాడు మామ.

"గట్లనే జెర మా గోధుమల కోసం సుత దువా చెయ్యి పెద్దమ్మా. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చిన," అంది నిన్నటి ఆమె. నాయనమ్మ అక్కడే, పిండి ధూళిలో, తల మీద చెంగు సర్దుకుని ప్రార్థన చేసింది. నేను విన్నవాటిలో అంత చిన్నది అదొక్కటే. ఆ తర్వాత ఇంట్లో కూడా ఆమె ప్రార్థన కురచయింది. ఎదుట డబ్బాల మీద కూర్చున్నవాళ్లను చూశాక మరి సాగదీయలేకపోయింది.

మామ చివరిదాకా ఆపుతూనే ఉన్నాడు. మా గోధుమలు మళ్లీ అటే వెళ్లాయి. నాయనమ్మ పోయిన కొన్నాళ్లకు రోడ్డును మరోసారి వెడల్పు చేసినప్పుడు గిర్నీ పోయింది. మామ కాప్రా దగ్గర కొడుకు ఇంటికి వెళ్లాడు, మళ్లీ చూడలేదు. గిర్నీ ఉన్నచోటు మీదుగా ఇప్పుడు బస్సులు వెళతాయి. రోడ్డు నడుమ మెట్రో స్తంభాల కోసం గోతులు తవ్వుతున్నారు. ఆ పని అయిపోతే హోరు తగ్గుతుందని కొందరూ, పెరుగుతుందని కొందరూ అంటున్నారు. నేను దేనికీ వాదించడం లేదు.

మా ఆయనా నేనూ ప్రార్థనను వెనకగదిలోకి మార్చుకున్నాం. తలుపు వేసుకుని, నేను వాక్యం చదువుతాను, ఆయన ప్రార్థన చేస్తారు. పాట లేదు. ఇద్దరి గొంతులూ ఆ హోరు మీద నిలబడక, ఎప్పుడో మానేశాం. పదకొండో ఏటి నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. కిటికీలకు అద్దాలు బిగించిన రోజు, వేపచెట్టు కొట్టేసిన రోజు, ముందుగదిలో పడుకోవడం మానిన రోజు, అన్నీ తేదీలతో ఉన్నాయి. పాట ఆగింది ఎప్పుడో చూద్దామని పోయిన వారం పాత డైరీలన్నీ దించి, నాలుగు రోజులు కూర్చుని వెతికాను. ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు.