ఫెయిల్ అని రాయించుకున్న మేడమ్

కేబుల్ పైతొడుగు ఒలిచినప్పుడు కొత్త ప్లాస్టిక్ వాసన ఒకటి గుప్పుమంటుంది. నేను పనిచేసే ఆసుపత్రిలో ఈ ఉదయం కొత్త వార్డుకి కంప్యూటర్ కనెక్షన్లు ఇస్తుంటే ఆ వాసనే వచ్చింది. తొడుగు లోపలి నుంచి ఎనిమిది సన్నని రంగు తీగలు విచ్చుకున్నాయి. రోజూ చేసే పనే అయినా, ఎందుకో ఈరోజు చేతులు ఆగిపోయాయి. ఒకప్పుడు నా పక్కనే కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఇలాంటి తీగలతోనే కుస్తీ పట్టిన కొండమ్మ మేడమ్ గుర్తొచ్చారు.

మాది ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయిలో ఖుర్సీపార్ అనే పేట. పన్నెండో తరగతి అయ్యాక దగ్గర్లోని ఒక కమ్యూనిటీ కాలేజీలో చేరాను. పొద్దున కమ్యూనికేషన్ స్కిల్స్, మధ్యాహ్నం కంప్యూటర్ నెట్‌వర్కింగ్. పొద్దుటి పాఠం కొండమ్మ మేడమ్‌ది. పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చి, ఏళ్ళ తరబడి ఒక టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేసి మానేసిన మనిషి. మొదటి రోజు మధ్యాహ్నం ఆవిడ ల్యాబులోకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. తనిఖీకి వచ్చారనుకుని గబుక్కున లేచి నిలబడ్డాను.

"కూకోమ్మా సంతోషీ. నేనూ ఈ క్లాసులో పేరు రాయించుకున్నాను. ఇన్నేళ్ళూ ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ నా చేతుల మీంచే ఎళ్ళాయి కదా. ఇప్పుడవి ఏ దారంట ఎల్తన్నాయో సూద్దామని," అన్నారు.

పొద్దున మా తప్పులు దిద్దే ఆవిడ, మధ్యాహ్నం మా అందరి ముందూ చెయ్యెత్తి "నాకర్థం కాలేదు" అనేవారు. ల్యాబు చూసే సాహూ సర్ వయసు ఆవిడ వయసులో సగం కూడా ఉండదు. అయినా ఆయన జవాబు చెప్పేటప్పుడు లేచి నిలబడే వినేవారు. ఒక టీచరు అలా నిలబడటం నేనంతకు ముందు చూడలేదు. మొదట్లో మాకు నవ్వొచ్చేది. పోనుపోను ఆ నవ్వు ఆగిపోయింది. ఆవిడ అడిగే ప్రశ్నలన్నీ మేం అడగడానికి సిగ్గుపడినవే.

ప్రాక్టికల్ పరీక్ష రోజున ఒక్కొక్కరూ ఒక కేబుల్ తయారుచేసి టెస్టర్‌కి తగిలించాలి. ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగితే పాస్. నాది చాటుగా ముందే తగిలించి చూసుకున్నాను. ఐదో దీపం వెలగలేదు. సాహూ సర్ అటు తిరిగినప్పుడు డబ్బాలో నమూనాకి ఉంచిన మంచి కేబుల్ తీసి తగిలించి, నాది సంచిలో తోసేశాను. సర్ వచ్చి చూశారు. దీపాలన్నీ వెలిగాయి. "బహుత్ అచ్ఛా!" అన్నారు. తర్వాత కొండమ్మ మేడమ్ కేబుల్ తగిలించారు. దీపాలు వెలిగాయి గాని వరుస తప్పాయి. రెండు తీగలు ఒకదాని చోట ఒకటి పడ్డాయి.

సాహూ సర్ గొంతు తగ్గించి, "రహనే దీజియే, వదిలేయండి మేడమ్. మీరిక్కడ టీచర్. పాస్ వేసేస్తాను," అన్నారు.

"వద్దు బాబూ. ఫెయిల్ అనే రాసీండి. తప్పు నాది కదా," అన్నారావిడ. రాసేవరకు ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డారు. నేను నా సంచిని కాళ్ళ మధ్యకి లాక్కున్నాను.

మర్నాడు పొద్దున క్లాసుకి వచ్చి ఆవిడ చెప్పిన మొదటి మాట, "నిన్న నేను ఫెయిలయ్యాను." ఆ రోజు పాఠం తప్పు ఎలా చెప్పాలన్నది. మూడు వాక్యాలు చాలన్నారు. నేనేం చేశాను, దానివల్ల ఏమైంది, ఇప్పుడేం చేస్తాను. మధ్యలో 'కానీ' అన్న మాట రాకూడదు. ఆ తర్వాత తన ఎక్స్‌చేంజి రోజుల సంగతి ఒకటి చెప్పారు.

ఒకసారి శ్రీకాకుళం వైపు ఊరి నుంచి ట్రంక్ కాల్ వచ్చిందట. జాముల్ వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసే రామారావుకి, తల్లి ఆఖరి ఘడియల్లో ఉందని కబురు. ఆ ఫ్యాక్టరీలో రామారావులు ఇద్దరు. ఈవిడ ఇంటిపేరు సరిగా వినకుండా రెండో మనిషికి లైను కలిపారు. అతను ఏడుస్తూ రైలెక్కి ఊరెళ్ళాడు. తీరా వెళ్తే తల్లి వాకిట్లో బియ్యం ఏరుకుంటోంది. అసలు మనిషికి సంగతి తెలిసేసరికి అక్కడ అంతా అయిపోయింది. లైను కలిపింది ఎవరో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

"ఆ అసలు మనిషి ఉండేది ఉతై అనే ఊళ్ళో. సైకిలేసుకుని బయల్దేరాను. దారిలో రెండుసార్లు దిగిపోయాను, ఎనక్కి తిరిగిపోదామని. ఎళ్ళి తలుపు కొట్టి, తప్పుగా కలిపింది నేనే బాబూ అని సెప్పాను."

"ఏమన్నాడు మేడమ్?" అని ఎవరో అడిగారు.

"ఏటీ అన్నేదు. తలుపేసుకున్నాడు. నన్ను క్షమించాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. క్షమిస్తాడని ఎళ్ళనేదమ్మా. ఎవరివల్ల అలాగైందో అతనికి తెలియాలి కదా, అందుకెళ్ళాను."

బోర్డు దగ్గర నిలబడిన ఆ పొట్టి మనిషిని చూస్తుంటే నాకు సంచిలో తోసేసిన కేబుల్ గుర్తొచ్చింది. గంట కొట్టగానే సాహూ సర్ దగ్గరికి పరుగెత్తాను. మూడు వాక్యాలూ చెప్పేసరికి ఏడుపొచ్చేసింది. ఆయన నా పేరు పక్కన ఉన్న పాస్ అన్న మాట కొట్టేశారు. వారం తర్వాత మేడమ్‌కీ నాకూ పక్కపక్కనే మళ్ళీ పరీక్ష పెట్టారు. ఎనిమిదో దీపం కూడా వరుసలో వెలిగాక ఆవిడ చిన్నపిల్లలా నా భుజం పట్టి ఊపేశారు. "సూడే, సూడు! అన్నీ ఎలిగాయి!"

నేను కేబుల్ మార్చడం ఆ రోజు చూశారా అని బయటికొచ్చాక అడిగాను. "నా కళ్ళకి తీగల రంగులే సరిగా ఆననేదు. నువ్వేం సేశావో నాకేటి కనిపిస్తాది?" అన్నారు. అది నిజమో కాదో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఆసుపత్రిలో చేరిన కొత్తలో, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టెలో పొరపాటున ఒకే కేబుల్ రెండు కొసలూ గుచ్చేశాను. సమాచారం అందులోనే సుడి తిరిగి మొత్తం కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఓపీ చీటీలిచ్చే కిటికీ ముందు రోగుల వరుస గేటు దాకా పెరిగింది. అదే రోజు అంతకు ముందే బయటి మనుషులెవరో వచ్చి ఏదో మరమ్మతు చేసి వెళ్ళి ఉండటంతో అందరూ వాళ్ళనే తిడుతున్నారు. నేను నోరు మెదపకపోతే సరిపోయేది. సూపరింటెండెంట్ గదికి వెళ్ళి మూడు వాక్యాలు చెప్పాను. ఆయన తలెత్తి, "ఎంతసేపు పడుతుంది?" అన్నారు. పది నిమిషాలన్నాను. "అయితే ఇక్కడేం చేస్తున్నావు? వెళ్ళు," అన్నారు.

సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"కాళ్ళు వణికాయేటి?" అని అడిగారు.

"వణికాయి మేడమ్."

"వణుకుతాయి. నాకు ఇప్పటికీ వణుకుతాయి. తిన్నావా?"

ఆ తర్వాత అలాంటి గదుల్లోకి చాలాసార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఒక్కసారి కూడా కాళ్ళు వణక్కుండా వెళ్ళలేదు. వణుకు తగ్గాక వెళ్దామని మాత్రం ఎప్పుడూ ఆగలేదు.