నాన్న వేలు లేని నాన్న ఫోను

మా అమ్మ కుడిచెయ్యి పడిపోవడానికి కారణం రక్తపోటు అని డాక్టరు కాగితం మీద రాశాడు. పాపం, మర్యాదస్తుడు. అసలు కారణం నేను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ రాతపూర్వకంగా ఇవ్వలేదు గనుక ఇవాళ మీకు ఇస్తున్నాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నాకూ వస్తుంది. వచ్చాక ఆ పూట అన్నం సయించదు, అంతే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి భూమ్మీద నా అంత తెలివైనవాడు లేడు. సీపత్ పవర్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఉద్యోగం చిన్నదే గానీ గర్వానికి కొదవ లేదు. పాస్‌వర్డ్ మరిచిపోయిన పెద్ద పెద్ద ఇంజనీర్లు నా కుర్చీ పక్కన నిలబడి "భయ్యా, జరా దేఖ్ లో", కాస్త చూసిపెట్టు, అని బతిమాలుతుంటే, ఆ గర్వాన్నంతా బైకు మీద తోర్వాలో మా ఇంటి దాకా మోసుకొచ్చి అమ్మానాన్నల నెత్తిన దించేవాణ్ణి.

నాన్న బొగ్గు ఇంజన్ల రోజుల్లో ఫైర్‌మన్‌గా చేరి, కరెంటు ఇంజన్ల డ్రైవరుగా రిటైరైన మనిషి. తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో దిగినప్పటి నుంచీ మా ఇంట్లో రైల్వే చెప్పిందే వేదం. అన్నిరోజుల సర్వీసులో నాన్న ఒక్క ఎర్ర సిగ్నల్ కూడా దాటలేదు. ఆ మాట ఆయన గొప్పగా చెప్పుకునేవాడు కాదు. పళ్లు తోముకున్నానని ఎవరైనా గొప్పగా చెప్పుకుంటారా?

ఒకరోజు నాన్నకి ఎవడో మోసగాడు ఫోన్ చేసి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానన్నాడట. నాన్న వాడితో అరగంట కబుర్లాడి, వాడి ఊరేది, వాడికి పెళ్లయిందా, తల్లిని చూసుకుంటున్నాడా అని ఆరా తీసేసరికి వాడే విసిగిపోయి పెట్టేశాడు. పోయింది వాడి టైమే. అయినా ఆ సాయంత్రం నేను ఇంట్లో మీటింగు పెట్టాను.

"నాన్నా, నీ ఫోనుకి తాళం లేదు. ఇవాళే వెయ్యాలి. వేలు పెట్టు."

నాన్న బుద్ధిగా బొటనవేలు పెట్టాడు. మళ్లీ పెట్టమంది ఫోను. మళ్లీ పెట్టాడు. మళ్లీ పెట్టమంది.

"వేలు తుడుచుకో నాన్నా."

"తుడిచేన్రా."

"అంత గట్టిగా నొక్కకు. అది ఇంజను బ్రేకు కాదు."

"నొక్కకపోతే దానికెలా తెలుస్తాది?"

"సరే, ఇంకో వేలు పెట్టు."

పది వేళ్లూ అయ్యాయి. ఒక్కటీ ఎక్కలేదు. అప్పటికి తొమ్మిదేళ్ల మా అమ్మాయి తాత చెయ్యి పట్టుకుని ట్యూబ్‌లైటు వైపు తిప్పి పరీక్ష చేసింది.

"డాడీ, తాత వేళ్ల మీద లైన్సే లేవు. పూరా ప్లెయిన్ హై!"

"బొగ్గు పార తినేసిందిలేవే" అని నాన్న నవ్వాడు.

ఇక్కడ బుర్ర ఉన్నవాడైతే ఏం చేస్తాడు? తాళం మానేస్తాడు. లేదా నాలుగంకెల నంబరు పెట్టి అది ఆ మనిషికి చెబుతాడు. ముఖం చూపిస్తే తెరుచుకునే పద్ధతి లేదా అని మీరడగవచ్చు. ఆ చవక ఫోనుకి ముఖాలు గుర్తుపట్టే తెలివి లేదు, ఆ విషయంలో అది నాకు తోబుట్టువు. అందులో ఐదు వేళ్లకి చోటుంది. ఒకటి నాది పెట్టాను. ఒకటి మా ఆవిడది. ఒకటి అమ్మది, ఎందుకంటే అమ్మకి వేరే ఫోను లేదు, భజనలు అందులోనే చూస్తుంది. మిగిలిన రెండూ మా అమ్మాయివి. ఒకటి చాలే అంటే ఏడుపు మొదలెట్టింది. దాంతో ఐదూ నిండిపోయాయి. నాన్న ఫోను మా ఇంటిల్లిపాదికీ తెరుచుకునేది, ఒక్క నాన్నకి తప్ప.

"నంబరేదో ఉంటాదంట గదరా, అదైనా సెప్పు" అన్నాడు నాన్న.

"చెబితే నువ్వు పాలవాడికి కూడా చెబుతావు."

"పాలోడికెందుకు సెప్తాను?"

"వాడు అడిగితే?"

నాన్న ఆలోచించాడు. అడిగితే చెబుతాడు, అది ఆయనకీ తెలుసు. నేను కేసు గెలిచినవాడిలా లేచి నిలబడి చివరి ఆర్డరు కూడా జారీ చేశాను: "ఏదైనా అయితే ముందు నాకు ఫోన్ చెయ్యి. బయటివాళ్లని ఇంట్లోకి పిలవకు. రోజులు బాగాలేవు."

"అచ్ఛా" అన్నాడు నాన్న. రైల్వేలో పనిచేసిన మనిషికి ఆర్డరు ఇస్తే దాన్ని పాటిస్తాడు. ఆ సంగతి నేను ఆలోచించి ఉండాల్సింది.

ఆనాటి నుంచి మా ఇంట్లో కొత్త కార్యక్రమం మొదలైంది. నాన్న ఫోను చేత్తో పట్టుకుని గది గదీ తిరిగేవాడు. "ఒరే, ఓసారి వేలెట్టు." నేను స్నానాల గదిలో ఉంటే తలుపు బయట నిలబడేవాడు. మా ఆవిడ చపాతీ పిండి కలుపుతుంటే చేతులు కడుక్కునేదాకా ఆగేవాడు. అమ్మ బుధవారీ బజారుకి కూరలకెళ్తే, ఆవిడ వచ్చేదాకా గుమ్మంలో కూర్చునేవాడు, మూసి ఉన్న ఫోను ఒళ్లో పెట్టుకుని. చుట్టాలొస్తే నేను ఇదంతా జోకులా చెప్పేవాణ్ణి. వాళ్లు నవ్వేవారు. నాన్న కూడా నవ్వేవాడు. మెయిల్ బండి నడిపిన మనిషి, సొంత ఫోను తెరవమని మనవరాల్ని బతిమాలుకునే దశకి వచ్చాడే అని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

అమ్మ మాత్రం ఒకసారి మెత్తగా చెప్పింది. "ఆయన ఫోనులోకి ఆయన్నే రానివ్వకపోతే ఏటి బాగుంటాదిరా? తీసెయ్ ఆ తాళం."

"సేఫ్టీ అమ్మా, నీకు తెలీదు" అన్నాను.

వానాకాలం, పగటిపూట. నేను సీపత్‌లో ఉన్నాను. మా ఆవిడ టీచరు, ఆవిడా అమ్మాయీ స్కూల్లో ఉన్నారు. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే. పక్కింటి ఫూల్‌బాయి నుంచి నాకు ఫోనొచ్చింది. ఆవిడ ఛత్తీస్‌గఢీలో ఏడుస్తూ అరుస్తుంటే నాకు అర్థమైంది ఒక్క ఆస్పత్రి పేరే. బైకు మీద ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు.

అమ్మ లోపల మంచం మీద ఉంది. నోరు ఒకవైపుకి లాగేసింది. డాక్టరు నాన్నని అడుగుతున్నాడు, ఎన్నింటికి పడిపోయారని.

"పది నలభై రెండు" అన్నాడు నాన్న. ఏం జరిగినా ముందు గడియారం చూసుకోవడం డ్రైవర్ల అలవాటు.

డాక్టరు గోడ గడియారం వంక చూశాడు. ఆస్పత్రికి చేర్చేసరికి పన్నెండు కావస్తోందట. "ఇత్‌నీ దేర్ క్యోం హుయీ?" అన్నాడు. ఇంత ఆలస్యం ఎందుకైందని.

నాన్న నా వైపు చూశాడు గానీ డాక్టరుకి ఏమీ చెప్పలేదు. డాక్టరు లోపలికి వెళ్లాక వరండా బల్ల మీద కూర్చుని, ప్రమాదం మీద ఎంక్వైరీలో వాంగ్మూలం ఇచ్చినట్టు ఒక్కొక్కటే చెప్పాడు.

"దోసెల పిండి రుబ్బుతోంది. పడిపోనాది. నీకు ఫోన్ చేద్దామని తీసేను. నా వేలెట్టేను."

"నీ వేలు అందులో లేదు కదా నాన్నా!"

"ఆ టైముకి అది గురుతుంటాదేట్రా? ఐదుసార్లెట్టేను. అప్పుడది ముప్పై సెకన్లు ఆగమని ఎర్రగా రాసింది. ఆగేను."

"ఆగావా?"

"ఎర్రక్షరాల్రా. ఆగమంది, ఆగేను."

నాకు నవ్వొచ్చిందని చెబితే మీరు నన్ను మనిషి కింద లెక్కెయ్యరు. వచ్చింది. ఆస్పత్రి వరండాలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నాన్న ఏడుస్తున్నాననుకుని భుజం మీద చెయ్యి వేశాడు. దాంతో ఏడుపు కూడా వచ్చింది.

"తరవాత మీ అమ్మ సెయ్యి పట్టుకుని వేలు నొక్కేను. అంతా పిండి. తువ్వాలెట్టి తుడిచేను. తడి మీద పట్టలేదు. మళ్లీ ఆగమంది. ఆగేను. ఆ తరవాత వేలొద్దు, నంబరెట్టమంది. నీ పుట్టినరోజు కొట్టేను, కాదంది. పాపది కొట్టేను, కాదంది. మా పెళ్లిరోజు కొట్టేను. అదీ కాదంది. ఏటి నంబర్రా అది?"

"నా బైకు నంబరు."

నాన్న వరండా బయట నిలబెట్టిన నా బైకు వంక చూశాడు.

"కింద ఎమర్జెన్సీ అని ఉంటాది కదా నాన్నా?"

"సూసేను. నొక్కి నీ నంబరు కొట్టేను. అది ఎమర్జెన్సీ నంబరు కాదంది."

ఆ ఫోను మొత్తం జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

"పోనీ గోడవతల ఫూల్‌బాయి ఉంది కదా, ఒక్క కేక వేస్తే పోయేది కదా!"

"బయటోల్లని పిలవొద్దన్నావు."

పదకొండు దాటాక కరివేపాకు కోసమని ఫూల్‌బాయి తనంతట తనే వచ్చిందట. "కా హోగే భయ్యా?", ఏమైందన్నయ్యా, అంటూ లోపలికి తొంగిచూసి, వీధి అదిరేలా అరిచి, నలుగురిని పోగేసి ఆటో ఎక్కించింది. ఆవిడ ఫోనుకి తాళం లేదు.

కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేది అన్నాడు డాక్టరు. ఎంత బాగుండేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మూడు వారాలకి అమ్మ ఇంటికొచ్చింది. మాట తిరిగింది గానీ ఒక్కో ముక్కా వెతుక్కుని తెచ్చుకోవాలి. కుడిచెయ్యి తిరిగి రాలేదు.

వచ్చిన రోజే నేను నాన్న ఫోను తాళం పీకేసి ఆయన చేతికిచ్చాను. "ఇంక దీనికి వేలక్కర్లేదు, నంబరక్కర్లేదు నాన్నా." నాన్న దాన్ని తీసుకుని అమ్మ మంచం పక్కన పెట్టాడు, భజనలు చూసుకోమని. మర్నాడు బజారుకెళ్లి మీటలున్న చిన్న ఫోను కొనుక్కుని, కొత్త నంబరు వేయించుకుని వచ్చాడు.

ఆ నంబరు ఫూల్‌బాయికి ఇచ్చాడు. మా ఆవిడకి ఇచ్చాడు. పాలవాడికి ఇచ్చాడు, వాడు అడగకుండానే.

"నాకూ చెప్పు నాన్నా, సేవ్ చేసుకుంటాను."

"నీకెందుకు?"

"ఏదైనా అయితే..."

"ఏటైనా అయితే ఫూల్‌బాయికి సేత్తాను. ఆవిడొస్తాది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ నంబరు నాకు తెలీదు. మా ఆవిడ చెప్పదు. రహస్యమన్నది పొట్టలో నిలవని మా అమ్మాయి కూడా ఈ ఒక్కటి దాచేసింది. సీపత్ నుంచి నాన్నతో మాట్లాడాలంటే నేను ఫూల్‌బాయికి ఫోన్ చేస్తాను. ఆవిడ గోడ మీంచి "భయ్యా, ఆప్‌కా బేటా!" అని కేకేస్తుంది. చెప్పులేసుకుని నాన్న వచ్చేదాకా నేను లైన్లో ఆగుతాను. కావాలనే ఆలస్యం చేస్తున్నాడని నా అనుమానం, అడగడానికి నాకు మొహం లేదు.

కాబట్టి మొన్న ఆదివారం మధ్యాహ్నం, అమ్మ ఎడమచేత్తో పప్పన్నం కలుపుకోవడానికి అవస్థ పడుతుండగా, ఆవిడ ఎదుట నిటారుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ జన్మలో, వచ్చే జన్మలో, ఫోన్లున్న ఏ లోకంలో పుట్టినా సరే, ఒకరి వస్తువుకి వాళ్లకి తెరుచుకోని తాళం వెయ్యను. నాకు లేని తెలివిని ఇంకొకరి మీద ప్రయోగించను. ఈ ఐదు వేళ్ల సాక్షిగా చెబుతున్నాను అని, వేళ్లు విడదీసి మరీ చూపించాను.

అమ్మ ఆ వేళ్లకేసి చాలాసేపు చూసింది. మాట కూడదీసుకోవడానికి ఆవిడకి టైము పడుతుంది.

"బాగా కడుక్కునిరా" అంది. "వచ్చి ఈ అన్నం కలిపెట్టు."